ఇంప్లాంట్‌కు ముందు సీబీసీటీ స్కాన్ తప్పదా? ఓపీజీ సరిపోదా?

ఆమదాలవలస వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి కింది వరుసలో ఎడమవైపు దవడ పన్ను ఒకటి చాలా కాలం కిందట తీసేశారు. ఇప్పుడు ఆ చోట ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు, పెట్టించాలని శ్రీకాకుళంలో ఒక దంతవైద్యుడిని కలిశాం. ఆయన ముందు ఓపీజీ, అంటే రెండు దవడల పళ్ళనూ ఒకే బొమ్మలో చూపే ఎక్స్‌రే, తీయించి, ఎముక ఎత్తు సరిపోయేలా ఉంది గానీ వెడల్పు ఇందులో తెలియదని చెప్పి, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించుకుని రమ్మన్నారు. చీటీ మీద "సీబీసీటీ, రెండు దవడలు" అని మాత్రమే రాశారు. ఒక ఎక్స్‌రే తీశాక మళ్ళీ ఈ స్కాన్ ఎందుకు, ఇందులో రేడియేషన్ ఎంత అన్నది నా సందేహం. అమ్మ భయం వేరు. ఆమె కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి వైపు పుట్టి పెరిగిన మనిషి. క్రియాటినిన్ ఎక్కువగా ఉందని కిడ్నీ డాక్టరు దగ్గర మందులు వాడుతోంది. స్కాన్ అంటే నరంలోకి రంగు మందు ఎక్కిస్తారని, అది కిడ్నీలకు పడదని ఊళ్ళో ఎవరో చెప్పారట. తెలిసినవారు వివరిస్తే ఆమెకు చదివి వినిపిస్తాను.

రాజాం పళ్ళ డాక్టరు

ముందు అమ్మగారి భయం తీర్చండి. పళ్ళకూ దవడకూ తీసే సీబీసీటీలో రంగు మందు ఎక్కించరు, సూది ఉండదు, ఖాళీ కడుపుతో వెళ్ళనక్కరలేదు. ఉద్దానం నుంచి వచ్చేవారు చాలామంది ఇదే అడుగుతారు, అడగడం మంచిదే. అయితే కిడ్నీ సంగతి ఇంప్లాంట్ వేసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆ తర్వాత రాసే నొప్పి మాత్రలూ యాంటీబయోటిక్ మోతాదూ దాన్నిబట్టే మారతాయి.

ఇక ఓపీజీ సంగతి. అది వంపు తిరిగిన దవడను చాపలా పరిచి చూపిస్తుంది. ఎత్తు తెలుస్తుంది, బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు ఎముక మందం ఎంతో తెలియదు. పైగా బొమ్మ అసలు కొలత కంటే సుమారు 20 నుంచి 30 శాతం పెద్దదిగా పడుతుంది. తల కాస్త ముందుకో వెనక్కో ఉంటే ఆ పెంపు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కింది దవడ పళ్ళ వేర్ల దిగువన ఎముకలోని సన్నని నాళంలో ఒక నరం పోతుంది. ఇంప్లాంట్ కొనకూ ఆ నాళానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచడం ఆనవాయితీ. నరం దెబ్బ తింటే ఆ వైపు కింది పెదవీ గడ్డమూ తిమ్మిరి పట్టి నెలల తరబడి, ఒక్కోసారి శాశ్వతంగా, అలాగే ఉండిపోతాయి. దానికంటే నాకు భయమైనది మరొకటి ఉంది. దవడ పళ్ళ దగ్గర నాలుక వైపు ఎముక చాలామందికి లోపలికి గుంటపడి ఉంటుంది. ఓపీజీలో నిండుగా కనిపించిన ఎముకలో డ్రిల్లు దించితే, అది ఆ గుంటలోంచి బయటికి పొడుచుకుని వెళ్ళి నోటి అడుగున రక్తనాళాన్ని తెంపవచ్చు. అప్పుడు వచ్చే వాపు నాలుకను పైకి నెట్టి ఊపిరికి అడ్డుపడుతుంది. ఇలాంటివి అరుదే గానీ, జరిగిన రోజున రాజాంలో కూర్చున్న నేను చేయగలిగింది తక్కువ.

ఘంటస్తంభం

డాక్టరు గారు చెప్పింది కాదనను, కానీ రెండో వైపు కూడా చెప్పాలి. నాకు విజయనగరంలో చాలా ఏళ్ళ కిందట ఓపీజీ ఒక్కటే చూసి ఇంప్లాంట్ వేశారు, ఈ రోజుకీ దాంతోనే వేరుశెనగలు నములుతున్నాను. ఇప్పుడు చూస్తే పన్ను పుచ్చినా, జ్ఞానదంతం నొప్పెట్టినా, పిల్లలకు క్లిప్పులు వేయాలన్నా త్రీడీ స్కాన్ చీటీ చేతికి వస్తోంది. మా బంధువు ఒకరికి ఒక క్లినిక్‌లో వేలు పెట్టి కదిపితే ఊడిపోయేలా ఉన్న పంటికి కూడా స్కాన్ రాశారు. మిషన్ కొన్నవారు దాని వాయిదాలు కట్టుకోవాలి కాబట్టి రాస్తున్నారా, రోగికి అవసరమై రాస్తున్నారా అన్నది రోగికి ఎలా తెలియాలి?

నీడల పంతులు

దంత కళాశాలలో రేడియాలజీ చెప్పేవాడిని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఘంటస్తంభం గారి ప్రశ్నకు జవాబు చీటీలోనే ఉంటుంది. స్కాన్ రాసేవారు ఏ ప్రశ్నకు జవాబు కావాలో రాయాలి. "ఎడమ కింది మొదటి దవడ పంటి చోట ఇంప్లాంట్, ఎముక వెడల్పు, నాళానికి ఎడం, నాలుక వైపు గుంట ఎంతో తెలపగలరు" అని రాస్తే, తీసేవారు ఆ చోటికి సరిపోయే చిన్న పరిధి పెడతారు. "రెండు దవడలు" అని రాస్తే గడ్డం నుంచి ముక్కు దాకా తీసేస్తారు. అవసరం లేని చోట్లకు కూడా కిరణాలు తగులుతాయి, పైగా పరిధి పెరిగిన కొద్దీ చెదిరిన కిరణాలు పెరిగి బొమ్మ నాణ్యత తగ్గుతుంది. ఆమదాలవలస వాసి గారూ, మీ డాక్టరు గారిని నొప్పించకుండా ఈ ఒక్క మాట అడగండి: అమ్మకు పై దవడలో చూడవలసింది ఏదైనా ఉందా? లేదంటే చీటీ మార్చి ఇమ్మనండి.

ఈ యంత్రం పని చేసే తీరు చెబితే పరిధి సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మామూలు సీటీలో సన్నని విసనకర్ర ఆకారపు కిరణం శరీరం చుట్టూ అనేకసార్లు తిరుగుతుంది. ఇందులో కిరణం శంకువు ఆకారంలో ఒక్కసారిగా వెడల్పుగా పడుతుంది. ఎదుట ఒక చదునైన పలక దాన్ని అందుకుంటుంది. తల చుట్టూ సగం నుంచి పూర్తి చుట్టు వరకు ఒక్కసారి తిరిగితే చాలు, ఆ తిరగడంలోనే కొన్ని వందల బొమ్మలు వస్తాయి. వాటిని కలిపి ఘనాకారం కట్టే గణిత పద్ధతిని 1984లో ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ ప్రచురించారు. వారు ఆసుపత్రిలో కాక ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేసేవారన్నది నా విద్యార్థులు ఎప్పుడూ మరిచిపోని సంగతి. పళ్ళ కోసం ఈ పద్ధతిని 1990ల చివర ఇటలీలోని వెరోనాలో న్యూటామ్ యంత్రం తయారు చేసినవారూ, జపాన్‌లో యోషినోరి అరాయ్ బృందమూ దాదాపు ఒకే కాలంలో వాడుకలోకి తెచ్చారు. ఇందులో బొమ్మను కట్టే చిన్న ఘనాలు అన్ని వైపులా ఒకే కొలతలో ఉంటాయి, సుమారు 0.075 నుంచి 0.4 మిల్లీమీటర్ల వరకు ఎంచుకోవచ్చు. అందుకే ఏ కోణంలో కోసి చూసినా కొలత నమ్మదగ్గదిగా ఉంటుంది.

రేడియేషన్ విషయంలో 2012లో యూరోపియన్ కమిషన్ ప్రచురించిన మార్గదర్శకాల అంకెలు చెబుతాను. ఓపీజీకి సుమారు 3 నుంచి 24 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది). పళ్ళూ దవడ ఎముకల వరకు తీసే సీబీసీటీకి 11 నుంచి 674. దవడలకు తీసే మామూలు సీటీకి 280 నుంచి 1410. ప్రకృతిలోంచి మనకు ఏటా వచ్చేది ప్రపంచ సగటున సుమారు 2400 మైక్రోసీవర్ట్‌లు. ఈ అంకెలు చూసి సీబీసీటీ నిరపాయం అని కొందరు, ప్రమాదం అని కొందరు వాదిస్తారు. నేను చూసేది 11కీ 674కీ మధ్య ఉన్న ఎడాన్ని. యంత్రం, పరిధి, ఎంచుకున్న నాణ్యత కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అందులో రెండు తీసేవారి చేతిలో ఉన్నవే. అరవై దాటిన మనిషికి ఒక ఇంప్లాంట్ చోట చిన్న పరిధి స్కాన్ తీస్తే వచ్చే ముప్పు అత్యల్పం. అదే స్కాన్ పదేళ్ళ పిల్లకు రెండు దవడలకీ తీయమంటే నేను వెనక్కి పంపుతాను.

కళింగపట్నం కెరటం

మన తీరం ఇసుకలో మోనజైట్ ఉందని, అందులో రేడియేషన్ వెలువరించే థోరియం ఉంటుందని చదివాను. శ్రీకూర్మం, భావనపాడు వైపు ఇసుక మీద నడిచే మనకు ఈ స్కాన్ లెక్కలోకి వస్తుందా అని సరదాగా అడుగుతున్నాను.

నీడల పంతులు

సరదాగా అడిగినా జవాబు గట్టిదే. ఇసుకలోంచి వచ్చేది మనం ఎంచుకున్నది కాదు, దాని వల్ల వైద్యానికి ఉపయోగమూ లేదు. స్కాన్‌లో వచ్చేది ఒకరు చీటీ రాస్తే వస్తుంది కాబట్టి, ఎంత తక్కువైనా దానికి కారణం చూపవలసిందే. ప్రకృతి రేడియేషన్‌తో పోల్చడం మోతాదు అర్థం కావడానికి మాత్రమే గానీ, అనవసరపు స్కాన్‌ను సమర్థించడానికి కాదు.

ఏడు రోడ్ల టెక్నీషియన్

తీసేవాడిగా నా మాట కూడా వినండి. బొమ్మ పాడయ్యేది ఎక్కువగా కదలడం వల్లే. మనిషి నిలబడిగానీ కూర్చునిగానీ ఉంటే గడ్డం కింద ఆనిక, నుదుటికి పట్టీ, ముందు పళ్ళతో కొరికి పట్టుకునే చిన్న ప్లాస్టిక్ పుల్ల అమరుస్తాం. యంత్రం తిరిగేది పది, ఇరవై సెకన్లే. ఆ కాసేపు ఉమ్మి మింగకూడదు, నాలుక కదపకూడదు, తిరిగే చెయ్యి వెంట కళ్ళు తిప్పకూడదు. కళ్ళతో పాటు తల కూడా తిరుగుతుంది కాబట్టి పెద్దవాళ్ళను కళ్ళు మూసుకోమంటాను. ఇంప్లాంట్ కోసమైతే పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కోకుండా మధ్యలో దూది చుట్ట పెడతాం.

అసలు తిప్పలు నగలతో. కమ్మలు, గొలుసు, జడ పిన్నులు, తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు అన్నీ ముందే తీయాలి. మన వైపు పెద్ద వయసు ఆడవాళ్ళకు ముక్కుపుడక పెళ్ళినాటి నుంచి అలాగే ఉండి, మర బిగిసిపోయి ఉంటుంది. కౌంటరు దగ్గర నిలబెట్టి తీయమంటే కన్నీళ్ళు పెట్టుకున్నవారు ఉన్నారు. కాబట్టి అమ్మగారి చేత ముందు రోజే, స్నానం చేశాక సబ్బు నీళ్ళు పట్టించి మెల్లగా తిప్పి చూడమనండి, రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్ళండి. పంతులు గారు చెప్పినట్టు కింది దవడ వరకే చిన్న పరిధి పెడితే ముక్కుపుడక చాలాసార్లు పరిధి బయటే ఉంటుంది, కానీ అది చూసి చెప్పవలసింది తీసేవారు.

బొబ్బిలి వీణ

ఇదే సందర్భంలో నాది ఒక ప్రశ్న. మా అమ్మాయికి పదమూడేళ్ళు. పై వరుసలో కోర పన్ను ఒకటి బయటికి రాలేదు. క్లిప్పులు వేసే డాక్టరు సీబీసీటీ అంటున్నారు. పిల్లలకు వద్దని పైన చదివాక భయం వేసింది. మెడకు సీసం పట్టీ కట్టమని అడగాలా?

నీడల పంతులు

అమ్మా, పిల్లలకు వద్దని నేను అనలేదు, కారణం గట్టిదై ఉండాలన్నాను. రాని కోర పన్ను బుగ్గ వైపు ఉందా, అంగిలి వైపు ఉందా అన్నంత వరకే కావాలంటే, గొట్టాన్ని పక్కకు జరిపి రెండు చిన్న ఫిల్ములు తీస్తే చాలాసార్లు సరిపోతుంది. గొట్టం జరిగిన వైపే పన్ను కూడా జరిగినట్టు కనిపిస్తే అది అంగిలి వైపు ఉన్నట్టు. కానీ ఆ కోర పన్ను పక్కనున్న కోత పంటి వేరును తినేస్తోందన్న అనుమానం ఉంటే చిన్న పరిధి సీబీసీటీ తీయడం సరైనదే. ఆ వేరు ఎంత మిగిలిందన్న దాని మీద ఏ పన్ను నిలబెట్టాలో నిర్ణయం మారిపోతుంది. డాక్టరు గారిని ఆ అనుమానం ఉందా అని అడగండి.

మెడ పట్టీ సంగతి ఈ మధ్య మారింది. కిరణాన్ని అవసరమైన చోటికే కుదించడం వల్ల కలిగే మేలు పట్టీ కంటే ఎక్కువ అని, పట్టీ పరిధిలోకి వస్తే బొమ్మ పాడై మళ్ళీ తీయవలసి వస్తుందని, దాన్ని మామూలుగా వాడనక్కరలేదని 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెప్పింది. కడితే తప్పేమీ లేదు. కట్టినా కట్టకపోయినా పరిధి ఎంతో అడగడం మానవద్దు. మరొక సంగతి, మన దేశంలో ఈ యంత్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, రెండేళ్ళకు ఒకసారైనా నాణ్యత పరీక్ష చేయించాలి. అనుమతి పత్రం చూపమని మీరు అడగవచ్చు.

ఘంటస్తంభం

పంతులు గారి జవాబు నాకు నచ్చింది. ఇంకొకటి అడుగుతాను. మా బంధువు రిపోర్టులో ఎముక గట్టిదనం అంటూ ఏవో అంకెలు వేసి ఇచ్చారు. దాన్ని చూసి "మీ ఎముక మెత్తన, ఖరీదైన ఇంప్లాంటే పడాలి" అన్నారు. ఆ అంకెలు నమ్మదగ్గవేనా?

నీడల పంతులు

మామూలు సీటీలో ఏ భాగం ఎంత చిక్కగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ అంకెలకు స్థిరమైన అర్థం ఉంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000. ఏ యంత్రంలోనైనా అంతే. సీబీసీటీలో చెదిరిన కిరణాలు ఎక్కువ, పరిధి బయట ఉన్న భాగాల ప్రభావమూ పడుతుంది, అందువల్ల అదే ఎముక వేరే యంత్రంలో, వేరే పరిధిలో వేరే అంకె చూపిస్తుంది. ఆ అంకెలను పట్టుకుని ఎముక గట్టిదనం తేల్చడం సరికాదు. ఎత్తు, వెడల్పు కొలతలు నమ్మండి.

రాజాం పళ్ళ డాక్టరు

ఇక్కడ పంతులు గారితో కొంచెం విభేదిస్తాను. అంకెను నేనూ పట్టించుకోను, కానీ పై పొర మందంగా ఉందా, లోపలి వల అల్లికలా చిక్కగా ఉందా, పలచగా ఉందా అని కంటితో చూస్తే డ్రిల్లు ఎలా పట్టాలో ముందే ఒక అంచనా వస్తుంది. అసలు గట్టిదనం తెలిసేది ఇంప్లాంట్ బిగించేటప్పుడు చేతికే. ఖరీదైన ఇంప్లాంట్‌కూ ఆ అంకెకూ సంబంధం లేదన్నది మాత్రం నిజం.

లోహం ఉన్నచోట కూడా జాగ్రత్త అవసరం. క్యాపులు, పాత ఇంప్లాంట్లు, రూట్ కెనాల్ చేసి నింపిన పళ్ళు ఉంటే వాటి పక్కన నల్లని చారలు పడతాయి. నింపిన పంటి వేరు నిలువుగా చీలిందని ఆ చారను చూసి పన్ను పీకేసినవారున్నారు. చీలిక ఉన్నచోట ఎముక కూడా కరిగిందా అని చూడాలి, చిగురు పక్కన లోతైన సందు ఉందా అని పరీక్షించాలి. అలాగే దవడ కీలు దగ్గర "టక్" మని శబ్దం వస్తుందని సీబీసీటీకి పంపితే ఎముకల ఆకారమే తెలుస్తుంది. మధ్యలో ఉండే మెత్తని పలక జరిగిందో లేదో తెలియాలంటే ఎమ్మారై కావాలి.

టెక్కలి నాయుడు

మా మామ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగడం. అంగిలి మీద తెల్లగా గట్టిపడి మధ్యలో ఎర్రగా పుండు ఉంది. ఈ స్కాన్ తీస్తే అదేమిటో తేలుతుందా?

నీడల పంతులు

తేలదు. సీబీసీటీ ఎముకలను, పళ్ళను చూపిస్తుంది. చర్మం, పొర, కండ వంటి మెత్తని భాగాల తేడా చూపలేదు. అడ్డపొగ తాగేవారికి అంగిలి మీద క్యాన్సర్ రావడం మన ఉత్తరాంధ్రలో దశాబ్దాలుగా వైద్యులు నమోదు చేస్తున్న సంగతే. ముక్క తీసి పరీక్షకు పంపడమే దారి. స్కాన్ కోసం ఆగవద్దు, ఈ వారంలోనే దంత కళాశాలలో గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ చూపించండి. క్యాన్సర్ అని తేలితే, ఎముకను తిన్నదా లేదా, మెడలో గ్రంథులు పెరిగాయా అని చూడటానికి ఏ స్కాన్ కావాలో వారే చెబుతారు.

టెక్కలి నాయుడు

సరేనండి. రేపే తీసుకువెళ్తాను.

ఆమదాలవలస వాసి

అందరికీ కృతజ్ఞతలు. మా డాక్టరు గారిని అడిగితే నొచ్చుకోలేదు సరికదా, ప్రశ్న స్పష్టంగా రాసి చీటీ మార్చి ఇచ్చారు. కింది దవడ ఎడమవైపు వరకే చిన్న పరిధిలో తీశారు. ముక్కుపుడక తీయవలసిన అవసరం రాలేదు, అమ్మకు అదే పెద్ద ఊరట. రిపోర్టులో ఆ చోట ఎముక ఎత్తు నాళం పై అంచు వరకు 13 మిల్లీమీటర్లు, వెడల్పు 6.5 మిల్లీమీటర్లు అని, నాలుక వైపు గుంట ఉందని రాశారు. చివరలో ఒక వాక్యం అర్థం కాలేదు: "పక్క పళ్ళ చుట్టూ ఉండే లామినా డ్యూరా స్పష్టంగా లేదు, ఎముక అల్లిక మసకగా ఉంది, వైద్య చరిత్రతో కలిపి చూడగలరు." సెంటరులో నాలుగు బొమ్మల ఫిల్ము ఇచ్చారు, సీడీ అడిగితేనే ఇచ్చారు.

రాజాం పళ్ళ డాక్టరు

సీడీ అడిగి మంచి పని చేశారు. ఫిల్ము మీద ఉండేది ఒకరు ఎంచుకున్న నాలుగు కోతలు. సీడీలో డైకామ్ ఫైళ్ళు, అంటే స్కాన్ అసలు ఫైళ్ళు, మొత్తం ఉంటాయి. ఇంప్లాంట్ వేసేవారు వాటిని తమ కంప్యూటరులో తెరిచి, గుంట ఎంత లోతుందో, డ్రిల్లు ఏ కోణంలో దింపాలో తామే చూసుకోవాలి. 13లో 2 మిల్లీమీటర్ల ఎడం తీసేస్తే 11 మిగులుతుంది. అయినా గుంటను బట్టి అంతకంటే పొట్టిది, 8 లేదా 10 మిల్లీమీటర్లది ఎంచుకోవచ్చు. ఇక ఆ చివరి వాక్యం పంతులు గారు చెబితేనే బాగుంటుంది.

నీడల పంతులు

ఆ వాక్యం రాసిన రేడియాలజిస్టు తన పని సరిగ్గా చేశారు. అడిగింది ఒక్క ఇంప్లాంట్ చోటే అయినా, తీసిన పరిధిలో ఉన్నదంతా చూసి చెప్పవలసిన బాధ్యత ఉంటుంది.

పంటి వేరు చుట్టూ గూడు గోడ ఎక్స్‌రేలో సన్నని తెల్లని గీతలా కనిపిస్తుంది, అదే లామినా డ్యూరా. కిడ్నీలు చాలా కాలం సరిగా పనిచేయకపోతే రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి, కాల్షియం తగ్గి, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తాయి. వాటి హార్మోను ఎముకలోంచి కాల్షియాన్ని లాగేస్తుంది. అప్పుడు ఈ గీత చెరిగిపోయి, ఎముక గరుకు గాజులా మసకబారుతుంది. అమ్మగారికి అదే ఉందని నేను అనడం లేదు. సీబీసీటీలో ఇంత సన్నని గీత యంత్రం సూక్ష్మత చాలక కూడా పోవచ్చు. ఇక్కడే పాత పద్ధతి పనికొస్తుంది: నోట్లో పెట్టి తీసే చిన్న ఫిల్ము ఒక్క పంటికే పరిమితమైనా, సన్నని గీతలు చూపడంలో ఈ ఖరీదైన స్కాన్ కంటే సూక్ష్మమైనది, రేడియేషనూ చాలా తక్కువ. పక్క పంటికి అది ఒకటి తీయించి చూడమనండి. అది ఏం చూపినా, రిపోర్టు కాపీ కిడ్నీ డాక్టరుకు ఇచ్చి, కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు చేయించారా అని అడగండి.

ఆమదాలవలస వాసి

చిన్న ఫిల్ము ఈ రోజు తీశారు. గీత ఒక పంటికి కనిపిస్తోంది, మరొక పంటికి సగం వరకే ఉందని మా డాక్టరు గారు చూపించారు. రక్తం ఇచ్చి వచ్చాం. పరీక్షల ఫలితాలు వచ్చి కిడ్నీ డాక్టరు సరే అనేదాకా ఇంప్లాంట్ పని మొదలుపెట్టనన్నారు. సీడీ, ఫిల్ము, రెండు చీటీలు ఒకే కవరులో పెట్టి అమ్మ పాత రిపోర్టులతో కలిపి ఉంచాను. కిడ్నీ డాక్టరు దగ్గరికి సీడీ తీసుకెళ్తే ఆయన కంప్యూటరులో తెరుచుకుంటుందా?

ఏడు రోడ్ల టెక్నీషియన్

చాలా సెంటర్ల సీడీలలో చూసే సాఫ్ట్‌వేరు కూడా కలిపే ఇస్తారు, సీడీ డ్రైవు ఉన్న కంప్యూటరులో నేరుగా తెరుచుకుంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ డ్రైవు ఉండదు కాబట్టి ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించి ఇమ్మని సెంటరువారిని అడగండి. ఫోల్డరు పేరు గానీ ఫైళ్ళ పేర్లు గానీ మార్చకుండా మొత్తం ఫోల్డరును అలాగే కాపీ చేయమనండి. కిడ్నీ డాక్టరుకు మాత్రం రిపోర్టు కాగితమూ ఆ చిన్న ఫిల్మూ చాలు.